గొంతు పోయిన రోజు

షామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన చేపలమ్మే లింగం, చేపలతో పాటు కొడుకు తెలివినీ నలుగురికీ చూపించేవాడు.

"మావోడు మూడో తరగతే అన్నా. ఫోన్‌ను జీతగాని లెక్క ఆడిస్తడు! సన్నీ, సార్‌కు రవ్వ చేప పులుసు సూపియ్‌రా."

సన్నీ మైకు గుర్తు నొక్కి అడిగాడు. క్షణంలో వీడియో వచ్చింది.

"మస్తు హుషారున్నడే!" అన్నాడు కొనేవాడు.

లింగం ఆ మెప్పును లాభంలో కలుపుకున్నాడు. మనలో కలుపుకోని తండ్రి ఎవరు?

ఒకరోజు వానలో తడిసి సన్నీకి గొంతు వాచింది. మాట పూర్తిగా ఆగిపోయింది. డాక్టర్ మందులిచ్చి, పిల్లవాణ్ని మాట్లాడించవద్దన్నాడు. ఇంటికి వచ్చినప్పటి నుంచి సన్నీకి కాలు నిలవలేదు. తల్లి సాలమ్మ కొంగు లాగుతాడు, గొంతు చూపిస్తాడు, ఏదో అడగబోతాడు. జావ ఇస్తే తల అడ్డంగా ఊపాడు. నీళ్లిస్తే తోసేశాడు.

"ఏందిరా, పరేషాన్ జేస్తున్నవ్! పలక మీద రాయి, మీ నాయిన చదువుతడు."

సన్నీ ఇంగ్లీషులో తన పేరు రాశాడు. ఆపైన బలపం కదల్లేదు. ఫోన్ లాక్కుని మైకు నొక్కి నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. ఫోన్‌ను పరుపు మీదికి విసిరి వెక్కివెక్కి ఏడ్చాడు.

సాలమ్మ చెప్పింది విని లింగం అంగడి మూసి బడికి పరుగెత్తాడు.

"మేడం, మావోనికి ఒక్క మాట గూడ రాయనీకి రాదు!"

మాధవీలత టీచర్ ముఖం పాలిపోయింది. "క్లాసుల పెద్ద తెరే పాఠం చదివి వినిపిస్తది లింగం. పిల్లలు వెంట పలుకుతరు. అందర్ల సన్నీ గొంతే పెద్దది. గొంతు విని చదువనుకున్న. ఒక్కన్ని లేపి పుస్తకం చదివించలే."

"నేను గూడ గంతే మేడం."

వారం తిరిగేసరికి సన్నీకి గొంతు వచ్చింది.

"ఆ దినం ఏమడుగుదామనుకున్నవ్‌రా?" అంది సాలమ్మ.

"నా గొంతు మల్ల వస్తదా, రాదా అని. మస్తు భయమైంది అమ్మా."

సాలమ్మ వాణ్ని గట్టిగా పొదువుకుంది. బిడ్డ అంత భయాన్నీ ఒంటరిగా మోశాడు, రెండు ముక్కలు రాయడం రాక.

మర్నాడు అంగట్లో సన్నీ తండ్రి పక్కన కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ వాచకం చదువుతున్నాడు. పాత గిరాకీ ఒకడు నవ్వాడు.

"ఏమైందే లింగం, మీవోడు ఫోన్ ఇద్య మర్చిండా?"

"చేప కొనేటప్పుడు తాజాదా కాదా అని మొప్ప లేపి సూస్తవు గదా అన్నా? పిల్లల సదువు గూడ గట్లనే సూడాలె. చేతిలకెళ్లి ఫోన్ తీసినంక ఏం మిగుల్తదో, గదే వాని సదువు."