పాత్రలో పడేది

అత్తయ్య పులుసులో వేసిన తోలు ముక్కను నేను మళ్ళీ గరిటెతో పైకి తీశాను. ఆవిడ నా చేతిలోంచి గరిటె లాక్కుని దాన్ని మళ్ళీ గిన్నెలో వేసింది.

"తోలు తీసేస్తే అది పంది కాలు పులుసా, ఆసుపత్రి గంజా?" అంది.

"గంజే అనుకోండి అత్తయ్యా. తినేది ఆసుపత్రి నుంచి వచ్చినాయనే గదా."

ఆయన అత్తయ్యకు సొంత తమ్ముడు, ప్రసూత్ స్వామి. కాలవ అవతలి విహారంలో చాలా ఏళ్ళుగా భిక్షువు. పోయిన నెల ఒక పొద్దున భిక్షకు వస్తూ వంతెన దిగగానే ఆయాసపడి ఒకరి గుమ్మం మీద కూలబడ్డాడు. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం మొదలైందని డాక్టరమ్మ చెప్పింది. మందులు రాసిచ్చి, కొవ్వూ తీపీ ఉప్పూ తగ్గించి రోజూ బాగా నడిస్తే పెద్ద ముప్పు రాకుండా చూసుకోవచ్చని కూడా చెప్పింది.

అయితే భిక్షువు వండుకోడు. ఊరు ఏం పెడితే అది తింటాడు. మా ఫెచ్చబురి ఊళ్ళో పుణ్యం వస్తుందని ఇంట్లో రోజూ వండని చిక్కటి కొబ్బరిపాల కూరలు, గుడ్డు సొనతో చేసిన మిఠాయిలు ఏరి ఏరి భిక్షాపాత్రలో పెడతాం. మధ్యాహ్నం దాటాక ఆయన ఏమీ తినకూడదు కాబట్టి, పాపం నీరసం వస్తుందేమోనని తియ్యటి పానీయాలు పంపుతాం.

ఇదంతా అత్తయ్యకు తెలుసు. ఆవిడ దిగులు వేరే. మామయ్య గుండెపోటుతో పోయాడు. ఆయనకి పంది కాలు పులుసంటే ప్రాణం. స్వామి తింటేనే అది ఆయనకు చేరుతుందని ఆవిడ నమ్మకం. చప్పటి కూర పెట్టిన రోజున మామయ్య కంచం ముందు ఎలా ముఖం ముడుచుకుని కూచునేవాడో నాకు తెలియదని, తెలిస్తే ఇలా మాట్లాడనని దెప్పింది. వంటింటి గుమ్మంలో కూచున్న మా ఆయన థవచ్ వాళ్ళమ్మ వైపే మాట్లాడాడు. మిగిలిన పులుసు తన కంచంలోకే వస్తుందని అతనికి తెలుసు.

చివరికి తోలుతోనే విహారానికి వెళ్ళింది పులుసు.

స్వామి ముందు పరిచిన గుడ్డ మీద అత్తయ్య గిన్నె పెట్టి, కాస్త వెనక్కి జరిగి కూచుంది. కళ్ళు మాత్రం ఆయన చేతి మీదే. ఆయన ఉడికించిన ఆకుకూర తిన్నాడు. అక్క చూస్తోందని గమనించి పులుసు కూడా తిన్నాడు. ఒక ముక్క తిని, కాసేపాగి, ఇంకో ముక్క.

భోజనాలయ్యాయి. చనిపోయినవాళ్ళకు పుణ్యం అందాలని నీళ్ళు ధారపోయడం కూడా అయింది. అత్తయ్య స్వామి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది.

"అంతేనా స్వామీ తిన్నది? మీ బావకి ఎంత ఇష్టమో మీకు తెలియదా?"

"తెలుసు అక్కా. అందుకే అడుగుతున్నా. నేను తిన్నది బావకి చేరుతుందంటావు, అంతేగా?"

"చేరకపోతే ఇన్నేళ్ళుగా ఎందుకు వండుతున్నాను?"

"అయితే ఆయన ప్రాణం తీసిన తిండే ఇప్పటికీ పంపిస్తున్నావన్నమాట. అక్కడన్నా ఆయన్ని ఆయాసం లేకుండా ఉండనివ్వవా?"

ఆయన మందలించినట్టు అనలేదు. చిన్నప్పుడు అక్కని ఆటపట్టించినట్టే అన్నాడు. అత్తయ్య నవ్వలేదు. పాత్రలో పడింది వద్దనడం తన పని కాదని, అందులో ఏం పడాలన్నది అక్క చేతిలోనే ఉందని ఆయన నెమ్మదిగా చెప్పాడు.

ఇంటికి బయల్దేరాం. థవచ్ మోటార్ సైకిల్ తెచ్చి ఆపితే, అత్తయ్య ఎక్కకుండా వంతెన మీదుగా నడిచే వచ్చింది. నేనూ పక్కనే నడిచాను. వంతెన దిగిన చోట ఆగి, తమ్ముడు కూలబడిన ఆ గుమ్మం ఏదని అడిగింది. చూపించాను. దాన్ని చాలాసేపు చూసింది.

సాయంత్రం వంటింట్లోకి నన్ను రానివ్వలేదు. అన్నం వేళకి చాప మీద పెట్టింది చూస్తే, కాల్చిన చేప, ఉడికించిన సొరకాయ, పొడుగు చిక్కుళ్ళు, రొయ్యల పచ్చడి కొంచెం, పొట్టు తీయని బియ్యంతో వండిన అన్నం. ఆడపడుచు చరియా కూడా వచ్చింది. థవచ్ అన్నీ చూసి, పొద్దుటి పులుసు మిగల్లేదా అని అడిగాడు.

"నువ్వు అచ్చం మీ నాన్న పోలికే. అదొక్కటీ చాల్లే, ఆయన జబ్బు కూడా రానక్కర్లేదు" అంది అత్తయ్య.

తర్వాత అందరికీ అన్నం వడ్డించి, గరిటె పక్కన పెట్టి, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"రేపటి నుంచి స్వామికి ఇదే పెడతాను. పొరుగువాళ్ళకి కూడా నేనే చెబుతాను. మనం కూడా ఇదే తింటాం."