మామగారి దగ్గు, అల్లుడి మేత

ఈగల వల్ల మామగారి ఇగో దెబ్బతింది.

ఆయనకి చేపల చెరువు ఉంది. చెరువుకి పన్నెండేళ్ల మంచి పేరుంది. ఆ పేరులోకి, మేత మిల్లులో పనిచేసే అల్లుడు పురుగులు తీసుకొచ్చాడు. మామూలుగా చేపల మేతలో ఎండు చేపల పొడి కలుపుతారు. "చేపను పెంచడానికి ఇంకో చేపను చంపడమేమిటి మామయ్యగారూ?" అంటూ అల్లుడు ఆర్నెల్లపాటు పెరటి షెడ్డులో, కూరగాయల తొక్కల మీద ఈగ పురుగుల్ని పెంచి, ఎండబెట్టి, పొడి కొట్టి, గుళికలు చేశాడు. ఆ పొడి జల్లించింది ఇంట్లో పిండి జల్లెడతోనే. సంగతి తెలిసిన రోజు భార్య అతన్ని జల్లించింది.

"మూడు రోజులు చూస్తా," అన్నారు మామగారు. "పురుగు పట్టిన మేత చేపలు ముట్టకపోతే షెడ్డు పీకించేస్తా."

"పురుగు పట్టింది కాదండీ, పురుగు పెట్టింది!"

మొదటి రెండు రోజులూ అల్లుడు పొద్దున్నే గట్టు మెట్టు మీద నిలబడి, ఊపిరి బిగబట్టి గుళికలు చల్లాడు. అవి తేలాయి, నానాయి, మునిగాయి. ఒక్క చేప మూతీ పైకి రాలేదు. మామగారు ముక్కుకీ నోటికీ తువ్వాలు చుట్టుకుని దూరంగా అరుగు మీద కూర్చున్నారు. పన్నెండేళ్లుగా ఆ మెట్టు మీద నిలబడి, రెండుసార్లు గట్టిగా దగ్గి, మేత చల్లింది ఆయనే. ఆ దగ్గు తగ్గించాలనే కూతురు రోజూ మందుసీసాతో ఆయన వెనకాల తిరిగేది.

మూడో రోజూ గుళికలు తేలాయి. మామగారు తువ్వాలు విప్పుకుని, మెట్టు మీదికి పెళ్లికొడుకులా నడిచొచ్చారు.

"ఏం అల్లుడూ! గుళికలు తేలాయి, నీ సంగతీ తేలిపోయింది!" అని పగలబడి నవ్వారు. నవ్వు గొంతుకి అడ్డం పడింది. దగ్గు తన్నుకొచ్చింది.

చెరువు ఒక్కసారిగా కుతకుతలాడింది. వందల మూతులు మెట్టు చుట్టూ లేచాయి. ఆయన నోరు నొక్కుకున్నారు. నొక్కినకొద్దీ దగ్గు పెద్దదైంది, దగ్గినకొద్దీ చేపలు దగ్గరికొచ్చాయి.

"అమ్మ దొంగల్లారా!" అల్లుడు గంతేశాడు. "మేతంటే మీ దగ్గేనని అలవాటు పడ్డాయండీ మామయ్యగారూ!" రెండో దోసిలి చల్లాడు, మూడోది చల్లాడు. మెట్టు దగ్గరికి చేరాక వాటికి ఇంకో దగ్గు కూడా అక్కర్లేకపోయింది. నీళ్ల మీద నలుసు మిగల్లేదు.

"రుచికి కాదయ్యా," రొప్పుతూ అన్నారు మామగారు, "నా మీద అభిమానంతో తిన్నాయి."

"మరి షెడ్డు?"

ఆయన చెరువు వంక చూశారు, ఖాళీ అయిన మేత బేసిన్ వంక చూశారు. "ఉండనీ. జల్లెడ మాత్రం వేరేది కొనుక్కో. అమ్మాయ్, ఆ మందు ఇలా తే."

కూతురు సీసా మూత ఇంకాస్త బిగించింది.

"రేపు మేత వేశాక తాగుదువుగాని నాన్నా."