నాలుగో నంబరు గది

శౌరి మీద నాకు అనుమానం పుట్టింది మంగళవారం, పొద్దున పదకొండున్నరకి. టైముతో సహా చెబుతున్నానంటే ఎంత కక్షగా గుర్తుపెట్టుకున్నానో చూడండి.

అప్పటికి నెల రోజులుగా మా ఆఫీసులో ఒకటే గోల. నరసరావుపేటలో ఈ అద్దె బిల్డింగు ఖాళీ చేసి ఊరి చివర కొత్తగా కట్టిన దాంట్లోకి మారాలి. ఎవరికి ఏ గదో ఇంజినీరు కావ్య గీసిన ప్లానులో ఉంది. ఆ ప్లాను మాకెవరికీ చూపించరు. మా అటెండరు నూర్ మొహమ్మద్, ఆఫీసరు సారు గదిలోకి టీ తీసుకెళ్లినప్పుడు ఓరకంట చూసొచ్చి నా చెవిన వేశాడు.

"కింద నాలుగో నంబరు శౌరి సారు సెక్షనుకంటమ్మా. మీ పెన్షన్ల సెక్షను రెండో అంతస్తులో, పదిహేడో నంబరు."

నాది పోలియో కాలు. ఎడమ కాలికి ఇనప కడ్డీల కాలిపర్ బిగించుకుని నడుస్తాను. ఆ బిల్డింగులో లిఫ్టు కోసం గుంట తవ్వారు, లిఫ్టు మంజూరు కాలేదని దాని మీద చెక్కలు పరిచారు. రెండో అంతస్తుకి నలభై నాలుగు మెట్లు. ఇన్నేళ్లూ బరువంతా మోసి కుడి మోకాలు అరిగిపోయింది, మెట్లెక్కితే అది కూడా పోతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఇంకా పదకొండేళ్ల సర్వీసుంది. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. రెండు కాళ్లూ పోతే నేనేమైపోవాలి?

ఆ రోజే సారుకి అర్జీ రాసిచ్చాను, కింద గది ఇప్పించమని. "చూద్దాం పున్నమ్మా" అన్నాడు. మా ఆఫీసులో చూద్దాం అంటే చూడరని అర్థం.

ఇక మంగళవారం సంగతి. శౌరిది నా పక్క టేబులే. పన్నెండేళ్లుగా అక్కా అక్కా అంటాడు, క్రిస్మస్ కేకు మొదటి ముక్క నాకే తెచ్చిపెడతాడు. అలాంటివాడు వరండా చివర కావ్య పక్కన నిలబడి, ప్లాను మీద వేలు పెట్టి ఏదో చెబుతున్నాడు. నా కాలిపర్ చప్పుడు వినగానే ఇద్దరూ గబుక్కున ప్లాను చుట్టేశారు.

"ఏందిరా శౌరీ, ఏంది ఆ గుసగుసలు?"

"ఏం లేదక్కా. నువ్వేం పట్టించుకోబాక."

ఏమీ లేకపోతే చుట్టేయడం దేనికి? నేనేమన్నా వెర్రిదాన్నా?

అప్పట్నుంచి ఒక కన్ను ఫైలు మీద, ఒక కన్ను వాడి మీద. బుధవారం ఏదో కాగితం రాశాడు. నేను తల తిప్పేసరికి సొరుగులో పడేసి తాళం వేశాడు. గురువారం సారు గదిలో అరగంట ఉన్నాడు, తలుపు వేసుకుని. శుక్రవారం నూర్ మొహమ్మద్ ఇంకో కబురు మోసుకొచ్చాడు.

"నాలుగో నంబరు కాడ పెన్సిల్‌తో కొట్టేసి ఏందో రాశారమ్మా. శౌరి సారు చూసి చానా సంతోషంగా ఉండాడు."

ఇంకేం కావాలి? నా అర్జీ ఎక్కడ పనిచేస్తుందోనని ముందే కాలడ్డం పెడుతున్నాడు. ప్లాను మీదే ఏదో మార్పు రాయించి, కింద గది ఇంకెవరూ అడక్కుండా తన సెక్షనుకే ఖాయం చేయించుకుంటున్నాడు. అవిటిదాని నోటి దగ్గర కూడు లాక్కునేవాడికి మళ్లీ అక్కా అనే పిలుపొకటి! నాకు ఒళ్లు మండిపోయింది.

మామూలుగా అయితే మొహం మీదే కడిగేదాన్ని. కానీ అడిగితే జాగ్రత్తపడతాడు. అందుకని, ఛీ, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, ఆకాశరామన్న ఉత్తరం రాశాను. నా రాత పోల్చుకోకుండా ఎడమ చేత్తో రాశాను. శౌరి, ఇంజినీరమ్మ కుమ్మక్కై ప్లానులో గదులు దొంగచాటుగా మారుస్తున్నారు, వెంటనే ఆపాలి అని పైఆఫీసుకి రాశాను. నరసరావుపేట ముద్ర పడకూడదని చిలకలూరిపేట దాకా బస్సులో పోయి పోస్టు చేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

పదో రోజు ఉత్తర్వు వచ్చింది. సారు అందర్నీ పిలిచి చదివాడు. ఆమోదించిన ప్లానులో ఒక్క గీత కూడా మార్చరాదు. గదుల మార్పు కోరిన అర్జీలన్నీ తిరస్కరించడమైనది.

శౌరి మొహంలో నెత్తురు చుక్క లేదు. బాగా అయింది అనుకున్నాను. "అర్జీలన్నీ" అన్న మాటలో నా అర్జీ కూడా ఉందని రెండు నిమిషాల తర్వాత గానీ బుర్రకెక్కలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ శౌరి సొరుగు తాళం తీసి, ఆ కాగితం నా టేబులు మీద పెట్టాడు. వాడి చేతిరాతే. పున్నమ్మ గారి ఆరోగ్య పరిస్థితి దృష్ట్యా మా సెక్షనుకి కేటాయించిన నాలుగో నంబరు గదిని వారి సెక్షనుకి ఇవ్వడానికి, బదులుగా పదిహేడో నంబరు గదికి వెళ్లడానికి నాకు సమ్మతమే. కింద సారు సంతకం.

"పైనుంచి సంతకం ఒక్కటే మిగిలిందక్కా. నీకు ముందే చెబుదామనుకున్నా, సారే వద్దన్నాడు. పున్నమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, తెలిసిందంటే ఆఫీసు మొత్తం కింద గదే కావాలని కూర్చుంటది అన్నాడు. ఈలోపు ఎవడో ఆకాశరామన్న ఉత్తరం కొట్టాడు. మెమో కూడా ఇచ్చారు నాకు."

జిల్లా మొత్తానికి వినబడే నా నోరు, ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది. డబ్బా మూత పెట్టి, అన్నం సయించడం లేదన్నాను.

సోమవారం కొత్త బిల్డింగుకి మారాం. శౌరి గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. నా సంచీ, నీళ్ల సీసా తను పట్టుకుని, నాతో పాటు ఒక్కో మెట్టూ ఎక్కాడు. మొదటి అంతస్తు చేరేసరికి మోకాల్లో సూదులు దిగుతున్నాయి. రెయిలింగు పట్టుకుని ఆగిపోయాను.

"నా మెమో సంగతి పోనీలే అక్కా," అన్నాడు శౌరి పళ్లు కొరుకుతూ. "నిన్నిట్టా చూస్తంటే కడుపు రగిలిపోతంది. ఆ రాసినోడికి కాళ్లు సుబ్బరంగా ఉండుంటయ్. మెట్లంటే ఏందో తెలిసినోడైతే అట్టాంటి పని చేస్తాడా, నువ్వే చెప్పు."

"చెయ్యడురా," అన్నాను.

ఇంకా ఇరవై రెండు మెట్లున్నాయి. వాడు చెయ్యి అందించాడు, పట్టుకున్నాను.