నా వైపు అంటే ఎటు

నా భార్యకు కుడి ఎడమలు తెలియవని అనలేను. కాగితం మీద అడిగితే సరిగ్గానే చెబుతుంది. కారులో కూర్చున్నాక మాత్రం ఆ రెండు మాటలూ సమయానికి ఆమె నోటికి అందవు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఎడమ అనబోయి కుడి అంది. నేను కుడికి తిప్పి ఒక గోదాము గోడ ముందు ఆపాను. ఆ రోజు నుంచి ఆమె 'నీ వైపు', 'నా వైపు' అనడం మొదలుపెట్టింది. స్టీరింగు కుడిపక్కన ఉంటుంది కాబట్టి నీ వైపు అంటే కుడి, నా వైపు అంటే ఎడమ. పదకొండేళ్ళలో ఈ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆమె రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఉదయం ఏడున్నరకు తలుపు తీసేది ఆమే. అప్పటికే మెట్ల మీద పదిహేనుమంది ఉంటారు, అందరూ పరగడుపున వచ్చినవాళ్ళు. రాత్రి ఎనిమిది నుంచి ఏమీ తినని మనిషి, తలుపు రెండు నిమిషాలు ఆలస్యంగా తెరుచుకుంటే ఎలా చూస్తాడో ఆమె నాకు చాలాసార్లు నటించి చూపించింది.

"అసలే సూది గుచ్చేదాన్ని. ఆలస్యంగా వెళ్ళి మరీ గుచ్చితే ఊరుకుంటారా?" అంటుంది.

ఊరుకోలేదు. ఎవరో ఫిర్యాదు రాశారు. ల్యాబులో ఆలస్యాల లెక్క మూడు నెలలకోసారి. ఆ మూడు నెలల్లో అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి కూడా అయితే మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉండే షిఫ్టుకు మారుస్తానని ల్యాబు పెద్ద చెప్పాడు.

నాది కళ్ళజోళ్ళ షాపు. పదింటికి తెరుస్తాను. అయినా ఆరూ ముప్పావుకల్లా ఆమెను కారులో ఎక్కించుకుని బయలుదేరతాను. నలభై నిమిషాల దారి. ఆ నలభై నిమిషాల్లోనే ఆమె నాతో మాట్లాడుతుంది. ఇంట్లో మాట్లాడదని కాదు. ఇంట్లో మా మధ్య నడిచేవి గ్యాసు అయిపోయింది, నల్లా కారుతోంది లాంటి వార్తలు. కారులో అయితే తన చిన్నప్పటి భయాలు, పక్కింటావిడ మీద ఈర్ష్య, తనకొచ్చిన పిచ్చి కలలు, అన్నీ వస్తాయి. కారణం నాకు తెలుసు. రోజంతా చీకటిగదిలో కళ్ళు పరీక్షిస్తూ, కొత్తవాళ్ళ మొహాలకు జానెడు దూరంలో కూర్చునేవాణ్ణి. ఎదురుగా మరో మొహం ఉంటే ఎవరూ నిజం చెప్పరు. పక్కపక్కన కూర్చుని ఇద్దరూ ఒకే రోడ్డుకేసి చూస్తుంటేనే మాట దానంతటది వస్తుంది. ఆమె ఏదైనా గట్టి మాట అన్నప్పుడు నేను తల తిప్పబోతే, "నన్ను కాదు, ముందు చూడు" అంటుంది. చూసేవాణ్ణి.

షిఫ్టు మారితే ఆ నలభై నిమిషాలు పోతాయి. అందుకే దారి చూపే ఆప్‌లలో ఏది త్వరగా చేరుస్తుందో తేల్చాలనుకున్నాను.

మూడు ఆప్‌లు తీసుకున్నాను. వాటికి పేర్లు పెట్టింది మా ఆవిడే. మొదటిది టీచరమ్మ. ఒక మలుపు గురించి మూడుసార్లు చెబుతుంది, నాలుగోసారి గొంతులో విసుగు కూడా వినిపిస్తుంది. రెండోది సందులోడు. ఒక నిమిషం కలిసొస్తుందంటే మనుషుల పెరళ్ళలోంచి కూడా పంపిస్తాడు. ఒకరోజు అలాగే వెళ్ళి, ఎవరో ఆరేసుకున్న దుప్పటి అద్దానికి చుట్టుకుని వచ్చింది. మూడోది పెద్దాయన. నెట్టు లేకపోయినా పని చేస్తాడు. కానీ ఈమధ్య వేసిన రోడ్డంటూ ఒకటుందని నమ్మడు. బైపాసు మీద వెళుతుంటే తెర మీద మా బాణంగుర్తు పొలాల మధ్య ఎగురుతూ ఉండేది.

ఒక్కొక్క ఆప్‌కు రెండు వారాలు. నోటుబుక్కులో గళ్ళు గీశాను. బయలుదేరిన సమయం, ఆప్ చెప్పిన సమయం, నిజంగా చేరిన సమయం, ఎన్నిసార్లు దారి మార్చింది, ఎన్నిసార్లు తప్పు చెప్పింది. రెండో ఫోనులో ఇంకో ఆప్ పెట్టి, అది ఆ క్షణంలో ఏమంటోందో ఆమె చేత చదివించేవాణ్ణి.

"ఎనిమిదివందల మీటర్లలో స్వల్పంగా కుడి వైపుకు మళ్ళండి" అనేది టీచరమ్మ.

"స్వల్పంగా అంటే ఎంత? చిటికెడా?" అనేది మా ఆవిడ.

"తదుపరి కూడలి వద్ద నిష్క్రమించండి."

"నిష్క్రమించాలట. నాటకంలో ఉన్నాం మనం."

మొదటి వారం ఇద్దరం నవ్వాం. మూడో వారానికి ఆమె నవ్వడం మానేసింది. ఒకరోజు ఏదో చెప్పడం మొదలుపెట్టింది, "నిన్న ల్యాబులో ఒకాయన తన రక్తం చూసి..." అంది. "ఒక్క నిమిషం, సందులోడు ఏమంటున్నాడో చూడు" అన్నాను. ఆమె చూసి చెప్పింది. ఆ ఒకాయన తన రక్తం చూసి ఏం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మూడు నెలల్లో ఆఖరి రోజు వచ్చింది. ఆ ఒక్కరోజూ సమయానికి చేరితే చాలు, లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. నా బావమరిది మోటార్‌సైకిల్ రిపేరులో ఉందని పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ల్యాబుకు దగ్గర్లోనే ఏదో ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయిందట.

నేను ఫోన్లు రెండూ స్టాండుకు బిగించి, ఛార్జింగు వైర్లు విడదీసి, రెండు ఆప్‌లలోనూ గమ్యం కొడుతున్నాను. ఆమె కారు బయట నిలబడి గడియారం చూసుకుంటోంది.

"తమ్ముడూ, నువ్వు ముందు కూర్చో" అంది. "ఆ రెండో ఫోను, ఆ పుస్తకం, ఆ పెన్ను నీకే ఇస్తున్నా. ఆరు వారాల నుంచి మోస్తున్నాను. నా వల్ల కాదు."

వెళ్ళి వెనకసీట్లో, సరిగ్గా నా వెనక కూర్చుంది. అద్దంలో ఆమె మొహం సగమే కనిపించింది. ఆమె కోపం ఆ సగంలోనే ఉంది.

"లిఫ్టు పని ఎంత హాయో బావా" అన్నాడు బావమరిది పుస్తకం తెరుస్తూ. "పైకి, కిందికి. అంతే. పక్కకు తిరిగే లిఫ్టు లేదు, బతికిపోయాం."

నీళ్ళ ట్యాంకు దగ్గరి కూడలి దాకా అంతా బాగానే జరిగింది. మేం రోజూ వెళ్ళే రోడ్డు అక్కడి నుంచి తిన్నగా పోతుంది. ఆ రోజు దానికి అడ్డంగా డ్రమ్ములు పెట్టి ఉన్నాయి. వాటి వెనక ఎవరో తవ్వుతున్నారు. నా వెనక బస్సువాడు హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

"కుడి వైపుకు తిరగండి" అంది టీచరమ్మ.

"సందులోడు ఎడమంటున్నాడు బావా" అన్నాడు బావమరిది. "ఆగు, ఆలోచిస్తున్నాడు. ఎడమే."

"సరిగ్గా చెప్పు!"

"నా మీదెందుకు అరుస్తావు? వాడి మీద అరుచుకో!"

అప్పుడు వెనక నుంచి ఆమె అంది, "నా వైపు!"

ఆ తర్వాత అర సెకను నా తలలో ఏం జరిగిందో నేను చాలాసార్లు తిరిగి చూసుకున్నాను. ఆ మాట వినగానే నా చేతులు ఎడమకు కదిలాయి. పదకొండేళ్ళ అలవాటు, వాటికి ఆలోచన అక్కర్లేదు. కానీ నేను ఆలోచించాను. ఈరోజు ఆమె పక్కన లేదు, నా వెనక ఉంది, నా వెనక అంటే కుడి, కాబట్టి ఆమె వైపు కుడి. ఎంత చక్కగా లెక్క కట్టానో! చేతుల్ని ఆపి కుడికి తిప్పాను.

"అయ్యో! నా వైపంటే అటేంటి?" అని అరిచింది.

కుడి పక్కన ఫ్లైఓవర్ ఉంది. ఎక్కితే అవతలి చివరి దాకా దిగడానికి లేదు, మళ్ళడానికి లేదు. ఎక్కేశాం. సగం దూరం వెళ్ళాక ముందున్న బళ్ళన్నీ ఆగిపోయాయి. ఏడూ పద్దెనిమిది.

"నువ్వు నా వెనక కూర్చున్నావు కదా! నీ వైపంటే కుడే కదా!" అన్నాను.

"నేను డిక్కీలో కూర్చున్నా నా వైపు నా వైపే! పదకొండేళ్ళుగా నా వైపంటే ఎటు? చెప్పు, ఎటు?"

"ఎడమ."

"మరి?"

"సీటు మారింది కదా అని..."

"సీటు మారితే మాట మారుతుందా? వెనక కూర్చున్నానని నీకు నేను అత్తయ్యనయ్యానా?"

బావమరిది నవ్వు ఆపుకోవడానికి నోటుబుక్కు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అడ్డం పెట్టుకున్నవాడు చదవడం మొదలుపెట్టాడు. టీచరమ్మ "ముందు రద్దీ ఉంది, దారిని మళ్ళీ లెక్కిస్తున్నాం" అంది. సందులోడు వీలైతే వెనక్కు మళ్ళమన్నాడు. ఫ్లైఓవర్ మీద. నేను రెండు ఫోన్లనూ పీకి కాళ్ళ దగ్గర పడేశాను. అక్కడి నుంచి కూడా మాట్లాడుతూనే ఉన్నాయి.

"బావా, ఒకటి అడగనా?" అన్నాడు బావమరిది. "ఇందులో ఒక ఆప్‌కూ ఇంకో ఆప్‌కూ తేడా నిమిషన్నర."

"అది సగటు. రోజువారీ చూస్తే..."

"ఉండు. బయలుదేరిన సమయం గడి చూడు. మొదటి వారం ఆరూ నలభై ఐదు. తర్వాత నలభై ఎనిమిది. తర్వాత యాభై ఒకటి. నిన్న యాభై మూడు. ఈరోజైతే యాభై నాలుగు, నేను చూశాను. వైర్లు విప్పుకుంటూ నువ్వే తింటున్నావు బావా తొమ్మిది నిమిషాలు."

"నీ రాతే" అంది వెనక నుంచి ఆమె. ఆ రెండు మాటలే.

షాపులో నేను అద్దాలు మార్చి మార్చి పెడుతూ రోజుకు రెండువందలసార్లు అడుగుతాను. ఇది బాగుందా, ఇది బాగుందా? మొదటిదా, రెండోదా? చివరకు మనిషి విసుక్కుని "రెండూ ఒకటేలా ఉన్నాయండీ" అంటాడు. అప్పుడు ఆపేస్తాను. ఇక మార్చేది లేదని అర్థం. ఇరవైయేళ్ళుగా తెలిసిన పని. ఆ నోటుబుక్కు నాలుగో వారం నుంచే రెండూ ఒకటేలా ఉన్నాయని చెబుతోంది, నేను అద్దాలు మారుస్తూనే ఉన్నాను.

నెమ్మదిగా ఫ్లైఓవర్ దిగాక బళ్ళు మళ్ళీ ఆగిపోయాయి. ఆమె తలుపు తీసుకుని దిగింది. చేతిసంచీ చంకలో బిగించి, ఫ్లైఓవర్ కిందుగా వెనక్కు పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఏ ఆప్‌నూ అడగలేదు. తర్వాత తెలిసింది, ఏడూ ముప్పై మూడుకు హాజరు యంత్రం మీద వేలిముద్ర పెట్టిందట. ఆ యంత్రానికి మూడు నిమిషాలైనా ముప్పై నిమిషాలైనా ఒకటే. మర్నాటి నుంచి షిఫ్టు మారింది.

నేను చాలా క్షమాపణలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

"ఎంత హాయిగా ఉందో తెలుసా?" అంది వారం తర్వాత. "మధ్యాహ్నం వచ్చేవాళ్ళు కడుపునిండా తిని వస్తారు. ఎంత మర్యాదగా చెయ్యి చాపుతారో!"

నా ఆరు వారాల కష్టం ఎవరికోసమో నాకు అప్పుడు అర్థమైంది. ఆమె ఉద్యోగం గురించి నేను పడ్డ ఆందోళనంతా నా గురించే. అది తెలిశాక నా మీద నాకు మరింత చిరాకు వేసింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఆరోజు 'నా వైపు' అని కావాలనే అన్నావా?"

"నేను రోజూ అనేదే అన్నాను. నువ్వే రోజూ వినేది వినలేదు."

పొద్దున్నలు ఇప్పుడు ఖాళీ. ఆమె లేచాక వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతాం. నేను తొమ్మిదిన్నరకు వెళ్ళిపోతాను. రెండు గంటల సమయం, కారులో దొరికిన దానికి మూడింతలు. మాటలు మాత్రం గ్యాసు గురించి, నల్లా గురించి. నేను ఆమె మొహం చూస్తాను, ఆమె నా మొహం చూస్తుంది, ఇద్దరం గబగబా కప్పుల్లోకి చూసుకుంటాం.

నిన్న లేచి, నా కుర్చీ ఈడ్చుకుంటూ బల్ల చుట్టూ తిరిగి, ఆమెకు కుడిపక్కన వేసుకుని కూర్చున్నాను.

"ఏంటి, ఇటొచ్చావు?"

"ఊరికే."

"ఇక్కడ నుంచి ఏం కనబడుతుంది? గోడా?"

గోడే కనబడింది. తెల్లసున్నం, ఒక మేకు, మేకుకు వేలాడుతున్న జల్లెడ. ఇద్దరం దానికేసి చూస్తూ టీ తాగాం. ఆమె కప్పు కింద పెట్టింది, మళ్ళీ తీసింది. బయట ఎవరో బండి స్టార్టు చేసుకుని పోయారు.

"ఆ రక్తం చూసినాయన ఉన్నాడే" అంది. "నీకు చెప్పానా?"

"సగం చెప్పావు" అని తల తిప్పబోయాను.

"నన్ను కాదు" అంది ఆమె. "ముందు చూడు."