ముప్పై గొర్రెలు, ఒక మేక

...అయినా గొర్రె ఏమనుకుంటుందో కాపరికి ఎందుకు తెలియాలి? కాపరికి అక్కర్లేదు సరే, తనకు తెలియాలి కదా, గొర్రెను తయారుచేస్తున్నది తనే కాబట్టి. కాపరి ఎడమ నుంచి వస్తే గొర్రె కుడికి జరగాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ముప్పై గొర్రెలకూ ఒకేసారి ఒకే బుద్ధి ఎట్లా పుడుతుంది? ఒకటి అటు పోతుంది, ఒకటి ఇటు పోతుంది, ఒకటి నిలబడి ఆలోచిస్తుంది. అసలు గొర్రె ఆలోచిస్తుందా? ఆలోచించకపోతే కదలడం దేనికి? ఇట్లా అడుగుతూ పోతే చివరికి మనుషులు ఎందుకు కదులుతారో కూడా తానే తేల్చి చెప్పవలసి వస్తుందేమోనని హేమావతికి నవ్వొచ్చింది.

పామిడిలో, పెద్దరోడ్డు పక్కన, బట్టల అంగడి మీది అంతస్తులో ఉంది కంప్యూటర్ సెంటర్. మూడేళ్ళుగా ఆమె అక్కడ పాఠాలు చెబుతోంది. పొద్దున ఒక బ్యాచి, సాయంత్రం నాలుగింటికి ఇంకో బ్యాచి. మధ్యలో మండలాఫీసుకు పనిమీద వచ్చేవాళ్ళకు అర్జీలు టైపు చేసిస్తుంది. అదీ లేని వేళల్లో, ఉన్న ఐదు కంప్యూటర్లలోకీ పాతదాని ముందు కూర్చుని, ఎనిమిది నెలలుగా ఒక ఆట తయారుచేస్తోంది.

ఆట పేరు ‘మంద’. ముప్పై గొర్రెలు. వాటిని రోడ్డు దాటించాలి, పచ్చగా ఉన్న శెనక్కాయ చేలో నోరు పెట్టనివ్వకూడదు, అవతల పంట కోసేసిన చేలోకి తోలాలి. రాత్రికి మంద అక్కడ పడుకుంటే పెంటికలతో ఆ చేను బలం పట్టి వచ్చే ఏడు బాగా పండుతుంది. ఈ చుట్టుపక్కల గొర్రెల్ని మేపేవాళ్ళూ, చేలున్నవాళ్ళూ ఎప్పటినుంచో చేసుకుంటున్న ఏర్పాటే. ఆమె దాన్ని తెరమీదకు తెచ్చింది, అంతే.

మొదలుపెట్టిన రోజు ఆమెకు బాగా గుర్తు. సెంటర్ బీరువాలో కంప్యూటర్‌కు పనులు చెప్పే బేసిక్ భాష నేర్పే పుస్తకం ఒకటి, చివరి పేజీలు లేనిది, దొరికింది. అందులో చెప్పినట్టు టైపు చేస్తే మొదట తన పేరు పదిసార్లు తెరమీద పడింది. అది పెద్ద గొప్పనిపించలేదు. తర్వాత నల్లటి తెరమీద ఒక తెల్ల చుక్క. బాణం గుర్తున్న మీట నొక్కితే ఆ చుక్క కుడికి జరిగింది. ఆమె చెయ్యి తీసేసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నొక్కింది. మళ్ళీ జరిగింది. ఇరవయ్యారేళ్ళ బతుకులో తన మాటను ఎదురు చెప్పకుండా విన్నది ఆ చుక్క ఒక్కటే. ఆ సాయంత్రం ఇంటికి నడిచిపోతుంటే ఎదురుగా వచ్చిన బర్రెను కూడా కుడికి జరిపేయగలనన్నంత ధైర్యం వచ్చింది. బర్రె జరగలేదు, తనే జరిగింది. అయినా ధైర్యం పోలేదు.

ఆ చుక్క నుంచి ఇవాళ్టి దాకా ఆమె తప్ప ఇంకెవరూ ఆ ఆటను ఆడలేదు. చెడిపోయిన కంప్యూటర్లు బాగుచేసే జోయల్ ఒక్కడికే సంగతి తెలుసు. వారానికి రెండుసార్లైనా గుచ్చుతాడు.

"ఏమ్మేడమ్, గొర్రెలు మేస్తాండాయా, పండుకున్యాయా?"

"ఇంకా కాలేదు జోయల్."

"ఎనిమిది నెల్లాయ గదా మేడమ్! నిజం గొర్రె ఐదు నెల్లకే ఈన్తాది."

నవ్వేసి ఊరుకునేది. కానీ ‘ఇంకా కాలేదు’ అన్నప్పుడల్లా గొంతులో ఒక చిన్న సుఖం కదలడం ఆమె గమనించింది. తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకున్నంత సుఖం. కానంతకాలం ఆ ఆట ఎంత గొప్పదైనా కావచ్చు. ఎవరైనా ఆడిన క్షణం నుంచి అది ఎంత ఉంటే అంతే.

చిన్నప్పుడు వాకిట్లో ముగ్గేసి, ఒక్క చుక్క పక్కకు పడిందనిపిస్తే వీధి లేవకముందే నీళ్ళు కొట్టి చెరిపేసేది. చూసేవాళ్ళు ఇంకా నిద్రలోనే ఉండేవాళ్ళు. అయినా ఆమె తలలో మాత్రం వాళ్ళు అప్పటికే లేచి, వరసగా నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉండేవాళ్ళు. ఇప్పటికీ ఆ జనం అక్కడే ఉన్నారు. వాళ్ళకోసమే ఆట మొదట కనబడే ‘మంద’ అనే రెండక్షరాలను చుక్కచుక్కగా అతికించడానికి రెండు నెలలు పట్టింది. గొర్రెలు మాత్రం నడవడం లేదు.

తనను తాను ఇంతగా తెలుసుకున్నాక తనమీద తనకే కోపమొచ్చి, పోయిన శుక్రవారం ఒట్టు పెట్టుకుంది. వచ్చే శుక్రవారం సాయంత్రం బ్యాచి వచ్చేలోపల ఒక్క మనిషి, ఎవరైనా సరే, ఆ ఆట ఆడాలి. లేకపోతే అంతా చెరిపేయాలి. ఇంకో ఆట మొదలుపెట్టకూడదు. ముగ్గు చెరిపిన చెయ్యి ఇది, చెరిపేస్తుందని ఆమెకు తెలుసు.

ఇవాళ శుక్రవారం. రెండు దాటింది.

"ఏం పాపా, అర్జీలు కొట్టిచ్చేది ఈడేనా?"

భుజాన కంబళి మడత, చేతిలో చెప్పులు. మేడ మీదికి వస్తూ చెప్పులు ఎందుకు విప్పాడో ఆయనకే తెలియాలి. తమ ఊరి తిప్పయ్య. గొర్రెలు మేపుతాడు. ఆమెను గుర్తుపట్టి నోరారా నవ్వాడు.

"ఓయమ్మ, మన బసప్ప కూతురువి గదా! మీ నాయన చెప్పినాడులే, పామిడిలో కంపూటరు కాడ ఉండాదని."

"కూచో మామా. ఏం అర్జీ?"

చిన్న కూతురికి హాస్టల్లో సీటు కోసం కుల ధ్రువీకరణ పత్రం కావాలి. ఆమె టైపు చేసింది. ప్రింటరు కర్రుకర్రుమంటూ కాగితాన్ని బయటికి తోస్తుంటే ఆయన దాని ముందు వంగి, ఈనుతున్న గొర్రెను చూసినట్టు చూశాడు. సంతకం పెట్టవలసిన సారు ఊళ్ళ మీద పోయాడట, నాలుగింటికి గానీ రాడట. అప్పటిదాకా ఫ్యాను కింద కూర్చుంటానన్నాడు. కూర్చున్నాక చప్పుడు లేదు. నిద్రపోయాడనుకుని హేమావతి మళ్ళీ తన తెరవైపు తిరిగి, ఆటను నడిపించింది.

కాపరి చుక్క మంద దగ్గరికి పోగానే ముప్పై గొర్రెలూ, చేటలోంచి జారిపడ్డ కొర్రల్లా నాలుగు దిక్కులకూ చెదిరిపోయాయి.

"యాడికి పోతాండాయి పాపా అవి?"

చెవి పక్కనే వినబడింది. ఆమె చెయ్యి దానంతటదే పోయి తెర ఆపేసింది.

"ఏం ల్యా మామా."

"ఏం ల్యాకపోయేదేంది? తెల్లగా పురుగుల మాదిరి ఉండాయి గదా."

"పురుగులు కావు. గొర్రెలు."

అనేసిన తర్వాత గానీ అన్నానని తెలియలేదు. పురుగులన్నందుకు కలిగిన రోషమే నోరు తెరిపించింది.

"గొర్రెలా!" తిప్పయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఏదీ, తెరువు."

తెరిచింది. ఆయన నవ్వలేదు. పశువుల డాక్టరులా గడ్డం గోక్కుంటూ చూశాడు.

"ఎవురివి?"

"నావే."

"మేక యాడ?"

"ఇది గొర్రెల ఆట మామా."

"గొర్రెల సంగతే చెప్తాండా. మేక ల్యాకుండా మంద యాడన్నా కదుల్తాదా? నాకు నూటిరవై ఉంటే నాలుగు మేకలు. గొర్రె ఏం చూస్తాది? ముందర పోయేదాన్ని చూస్తాది. అంతే దానికి తెలిసింది. దారి చూసేది మేక. నువ్వు మేకను తోలు, మందను అది తోల్తాది."

ఎనిమిది నెలలుగా హేమావతి ముప్పై గొర్రెలకూ ముప్పై బుద్ధులు ఇవ్వడానికి ప్రయత్నించింది. ఒకసారి అన్నీ మంద నడిమికి రావాలని రాస్తే, ముప్పై గొర్రెలూ ఒకదాని మీదొకటి ఎక్కి ఒకే గొర్రె అయిపోయాయి. ఏ గొర్రెకూ బుద్ధి అక్కర్లేదని, ముందుదాన్ని చూస్తే చాలని ఎవరూ చెప్పలేదు. ఎవరికీ చూపించలేదు గనక ఎవరూ చెప్పలేదు.

గొర్రెల బుద్ధికోసం రాసిన నలభై వరసలు చెరిపేసింది. ఆ చోట ఆరు వరసలు రాసింది. గోధుమరంగులో ఒక చుక్క పెట్టింది, అది మేక. మొదటి గొర్రె మేక ఉన్న చోటికి, రెండోది మొదటిది ఉన్న చోటికి, అట్లా చివరిదాకా. నడిపించింది.

తిప్పయ్య ఈసారి పగలబడి నవ్వాడు. "ఇదేంది పాపా! గొర్రెలు ఇట్ల ఒకదానెంకొకటి వరసగా పోతాయా? కిరసనాయిలుకు నిలబడినట్ల?"

నిజమే, తెరమీద ముప్పై చుక్కల పాము పాకుతోంది. విచిత్రమేమిటంటే, ఆ నవ్వు ఆమె తలలోని నవ్వులా లేదు. తలలోని నవ్వుకు మాటలుండవు. ఈ నవ్వు వెంట పనికొచ్చే మాట వస్తుంది.

"మరెట్ల పోతాయి?"

"గుంపుగా. ఒక్కోటి దానిష్టమొచ్చిన దాని ఎనక పోతాది. ఒకటి రెండడుగులు ఎనకబడి గడ్డి కొరుకుతాది. మల్ల ఉరికొచ్చి కలుసుకుంటాది."

ప్రతి గొర్రె తనకు ముందున్న వాటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకునేలా మార్చింది. పదడుగులకొకసారి ఆగేలా చేసింది. నడిపించింది. మేక కదిలింది. వెనక మంద కదిలింది. మంద! విడిపోయింది, చేరుకుంది, ఒక పక్కకు ఉబ్బింది, ఎండలో దుమ్ము లేచే దారిలో పోయే మందలాగే నెమ్మదిగా ఒరిగింది. తెల్లచుక్కలే, కానీ వాటికి వాసన కూడా వచ్చిందనిపించింది ఆమెకు.

"ఆ!" అన్నాడు తిప్పయ్య. "ఇప్పుడు గొర్రెలైనాయి. ఆ నల్లదేంది?"

"తోడేలు."

"తోడేలును ఎవురు చూసినారు పాపా ఇప్పుడు? లారీ పెట్టు. దానికి ఆకలి ల్యాదు, అయినా తొక్కుతాది."

నల్లరంగు ఎర్రరంగయింది, తోడేలు లారీ అయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. గోడ గడియారం నాలుక్కి పావు తక్కువ చూపిస్తోంది.

"ఇంకొకటి," అన్నాడాయన. "మిట్టమధ్యాన్నం గొర్రె నడవదు. తలకాయ పక్కదాని కడుపు కింద పెట్టి నిలబడతాది. తల ఒక్కటి నీడన ఉంటే చాలు దానికి."

హేమావతి వేళ్ళు మీటల మీదికి పరిగెత్తాయి. ఎంత బాగుంది! ఎండ ఎక్కుతుంది, మంద ఆగుతుంది, తలలు లోపలికి తిరుగుతాయి. పైన సూర్యుణ్ణి పెట్టాలి. నీడ పెట్టాలి. రెండు వారాలు పడుతుంది, మూడనుకో. అప్పుడు చూపించవచ్చు...

వేళ్ళు ఆగిపోయాయి. గొంతులో ఆ చిన్న సుఖం. తాళంచెవి ముడి పడిన సుఖం. ఈసారి ఎంత మంచి వేషంలో వచ్చిందో! తిప్పయ్య మాటల వెనక దాక్కుని వచ్చింది.

"ఏమైంది, రాయలేవా?"

"రాస్తా మామా. ఇప్పుడు కాదు."

"సరే. మరి ఇట్లియ్యి, నేను తోల్తా."

అడిగింది ఎవరో పరీక్ష పెట్టేవాడు కాదు. గొర్రెలు కనబడితే తోలాలనిపించిన మనిషి. అయినా నోరు అలవాటైన మాటే అంది.

"ఇంకా కాలేదు మామా."

"ఏం కాల్యా? మేక ఉండాది, గొర్రెలుండాయి, చేనుండాది. ఇందాకటిదాకా మేక ల్యాకుండానే ఉన్యావు."

"పైన కుడిమూలకు గొర్రె పోతే ఆట నిలిచిపోతాది. అది బాగుచెయ్యల్ల."

తిప్పయ్యకు ఆశ్చర్యం వేసింది. "మూలకు పోకుండా చూసుకునేది తోలేవాని పని గదా పాపా! అది నీ పనెట్లయితాది?"

కింద మెట్ల దగ్గర సైకిళ్ళు నిలుపుతున్న చప్పుడు, జోయల్ గొంతు, ఎవరో ఆడపిల్ల నవ్వు. సాయంత్రం బ్యాచి. తలలోని జనం లేచి వరసగా నిలబడ్డారు. నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. హేమావతి వాళ్ళను మొట్టమొదటిసారి తీరిగ్గా చూసింది. వాళ్ళలో ఒక్కడూ గొర్రెలు మేపినవాడు లేడు.

"ఈ నాలుగు మీటలే మామా," అంది. "ఇది నొక్కితే పైకి, ఇది కిందికి. ఇవి రెండూ పక్కలకు."

"మేక మాట వింటాదా?"

"వింటాది."

అని, కుర్చీలోంచి లేచింది.