మిత్రపురుగులకు ముహూర్తం

కాలానికే కాపరివైన భైరవస్వామీ! ఘడియలను చూసి చెప్పే పనిని ఈ అల్పుని నోటికి అప్పగించావు. ఆ నోరు ఒకనాడు పలికిన అబద్ధాన్ని దాచకుండా చెప్పే బలాన్ని ప్రసాదించు. మాట తడబడితే దండించు. దాచబోతే మరింతగా దండించు.

నా పేరు కాశీవిశ్వనాథం. వెంగళరావు నగర్‌లో నివాసం. ముప్పై ఎనిమిదేళ్లుగా ఫిల్మ్‌నగర్ సంస్థలకు ముహూర్తాలు పెడుతున్నాను. కొబ్బరికాయ కొట్టి, క్లాప్ ఇచ్చి, తొలి షాట్ తీయనిదే ఆ కొండ మీద ఏ పనీ మొదలు కాదు.

గడచిన శ్రావణంలో నిర్మాత శ్యామలాదేవిగారు తమ ట్రస్టు తరఫున పత్తి రైతులకు గ్రాంటు ప్రకటించారు. పురుగుమందు మానివేసి, మిత్రపురుగులతో పంటను కాపాడుకునే నలభై కుటుంబాలకు రెండేళ్ల సాయం అది. నియమం ఒక్కటే. ఆ నలభై మందిలో ఏ ఒక్కరు మందు కొట్టినా అందరికీ సాయం ఆగిపోతుంది. వారందరి తరఫునా సంతకం చేసినవాడు భిక్షం. నాలుగెకరాల పత్తి తప్ప అతనికి వేరే ఆధారం లేదు.

పత్తి కాయ పట్టే వేళకు, ఒక సోమవారం ఉదయం జూబ్లీహిల్స్‌లోని ఆవిడ ఇంటికి గీతిక అనే శాస్త్రవేత్త ఒక అట్టపెట్టె తెచ్చింది. లోపల అరచేయంత కార్డులు. వాటి మీద ఆవగింజ కంటే ఎంతో చిన్నవైన నల్లని గుడ్లు బారులుగా అంటించి ఉన్నాయి.

“ఒక్కో గుడ్డులో కంటికి ఆననంత చిన్న కందిరీగ ఉంది తాతగారూ. అది పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగు గుడ్లను వెతికి నాశనం చేస్తుంది. బుధవారం ఉదయానికల్లా ఇవి ఆకుల కింద ఉండాలి. ఆలస్యమైతే పెట్టెలోనే బయటికి వచ్చి చచ్చిపోతాయి,” అంది.

“ఇయ్యాలనే ఇయ్యిండ్రి మేడం. పొద్దుగూకేలోపు చేనుకు వొయ్యి కట్టుకుంట,” అన్నాడు, వాటి కోసమే ఊరి నుంచి వచ్చిన భిక్షం.

శ్యామలాదేవిగారు నవ్వారు. “ఓపెనింగ్ లేకుండా ఎలా ఇస్తామయ్యా? మా హీరోగారికి గురువారం గాని ఖాళీ లేదు. సిద్ధాంతిగారూ, గురువారం ఏదైనా మంచిది చూడండి.”

ఆ సోమవారం మధ్యాహ్నమే దివ్యమైన అభిజిల్లగ్నం ఉంది. తెరిచిన పంచాంగంలో నా వేలు దాని మీదుగా జారిపోయింది.

“గురువారం పది గంటల పన్నెండు నిమిషాలు. అంతకు ముందు ఏదీ పనికిరాదు,” అన్నాను.

గీతిక ముఖం వాడిపోయింది. “పోనీ, ఫ్రిజ్‌లోనైనా పెట్టండి. చల్లదనంలో ఇంకో రెండు రోజులు ఆగుతాయి.”

“ఆ ఫ్రిజ్‌లో కోడిమాంసం ఉంటుందమ్మా. పూజకు ఉంచిన వస్తువు అందులో పెట్టకూడదు.” ఈ మాట అన్నదీ నేనే. పెట్టె అమ్మవారి పాదాల చెంతకు, అఖండదీపం పక్కకు చేరింది.

భిక్షం బోరబండలోని బావమరిది ఇంట్లో దిగి, మంగళవారం పొద్దున్నే నడిచి వచ్చి శ్యామలాదేవిగారి గేటు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

“అయ్యగారూ, జర ఒక మాట. గా పురుగు గూడ మీతోని ముహూర్తం పెట్టిచ్చుకొనే గుడ్లు పెడ్తదా ఏంది?”

వాచ్‌మన్ పకపక నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. “దైవకార్యంలో పరిహాసాలు వద్దు.”

“పరాచికం కాదయ్యా. మా మల్లమ్మ ఫోన్ చేసింది. ఆదివారం సంది ఇంటి ముంగట బల్బు కింద రెక్కల పురుగులు కుప్పలు పడ్తున్నయట. పక్క చేన్లోళ్లు మందు కొడ్తున్నరు. మేం ఒట్టేసుకొని కూసున్నం.”

మల్లమ్మ అతని భార్య. ఆలస్యమవుతున్నదని చెప్పి లోపలికి నడిచాను.

బుధవారం సాయంత్రం పూజగదిలో సాంబ్రాణి వేశాను. దీపం కింద పరచిన తెల్లని వస్త్రం మీద నల్లని నలుసు కనబడింది. మసి కాబోలనుకుని వేలితో అద్దాను. ఆ మసి కదిలింది. తలెత్తి చూస్తే దీపశిఖ చుట్టూ సన్నని పొగ ఒకటి తిరుగుతోంది. అది సాంబ్రాణి పొగ కాదు. పెట్టె అంచుల నుంచి అది ఇంకా వస్తూనే ఉంది. వేలు ఉత్తరీయానికి తుడుచుకుని, తలుపు చేరవేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయాను.

గురువారం ఆవిడ ఇంటి ముందు పచ్చికలో లైట్లు వెలిగాయి. ఆర్ట్ విభాగంవారు పత్తి మొక్కలను కుండీలతో సహా తెచ్చి బారులు తీర్చారు. చెప్పిన నిమిషానికి కొబ్బరికాయ పగిలింది, క్లాప్ పడింది, పెట్టె తెరిచారు. గీతిక ఒక కార్డును భూతద్దం కింద చూసి గొంతు తగ్గించింది.

“అన్నీ ఖాళీ మేడం. గుడ్డు గుడ్డుకూ చిల్లు ఉంది.”

“చిల్లు కెమెరాకి కనబడదు కదమ్మా. కానివ్వండి,” అన్నారు శ్యామలాదేవిగారు.

హీరోగారు ఆకుకు కార్డు గుచ్చారు. చప్పట్లు మోగాయి. “భిక్షంగారూ, కొంచెం నవ్వండి!” అని ఎవరో అరిచారు. భిక్షం నవ్వలేదు. చేతిలో కార్డుతో నా దగ్గరికి వచ్చాడు.

“అయ్యా, మీరు చదువుకున్నోళ్లు. దీంట్ల జీవం ఉన్నదా?”

“లేదు నాయనా. నిన్న సాయంత్రమే పోయింది. నా కళ్లతో చూశాను. సోమవారం మధ్యాహ్నం మంచి లగ్నం ఉండింది. అదీ చూశాను.”

అతను నన్ను తిట్టలేదు. “మరి మొన్న చెప్పకపోతిరి,” అన్నాడు, అంతే.

కొత్త కార్డులకు ఎనిమిది రోజులు పడుతుందని గీతిక చెబుతూ ఉండగానే అతని ఫోను మోగింది. మల్లమ్మ గొంతు మా అందరికీ వినబడింది.

“ఇగో, ఒక కాయ కోసి చూసిన. మీదికి మంచిగనే ఉన్నది, మచ్చ గూడ లేదు. లోపట సన్నగ తెల్లగ పిల్లపురుగు మెసులుతున్నది. ఇంకో నాలుగు కోసిన. నాలుగిట్ల అదే. మందు కొట్టుమంటవా?”

భిక్షం గీతిక వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. “కాయలోకి మందు పోదు. మిత్రపురుగు కూడా పోదు.”

“కొట్టకు,” అన్నాడతను ఫోన్‌లో. “నేనొస్తున్న.” కార్డును మళ్లీ పెట్టెలో జాగ్రత్తగా సర్ది, “ఫోటో అయిపోయిందా సార్?” అని అడిగి, గేటు దాటి, బస్సు దొరికే చెక్‌పోస్టు వైపు నడిచాడు.

లైట్లు ఆరిపోయాక పచ్చికలో నేనొక్కణ్ణే మిగిలాను. కుండీలలోని పత్తికాయలు పచ్చగా, నున్నగా, మచ్చలేకుండా మెరుస్తున్నాయి. ఒకదాన్ని చీల్చి చూద్దామని చేయి చాచి, ధైర్యం చాలక వెనక్కి తీసుకున్నాను.

ఇది విన్న మీ చేలలో కాయ వెలుపల ఎట్లున్నదో లోపలా అట్లే ఉండుగాక. మీకు ఘడియ చెప్పేవాడు నిజమే చెప్పుగాక. మీ మాట నమ్మి ఒట్టుపెట్టుకుని కూర్చున్నవారిని ఆ భైరవుడు చల్లగా చూచుగాక.