ఉడకబెట్టిన ఈల

కూతురు దగ్గినా భయమే, గట్టిగా నవ్వితే పొలమారుతుందేమోనని భయమే. కుట్టుపని చేసుకునే ఆ తల్లి ప్రాణం రోజంతా అరచేతిలోనే ఉండేది. పిల్లకు చిన్నప్పుడు ఉబ్బసం వచ్చి తగ్గింది. తగ్గిపోయిందని డాక్టరు ఏనాడో చెప్పాడు. ఆ మాట పిల్ల నమ్మింది, నాన్న నమ్మాడు, తల్లి మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

అలాంటి ఇంట్లోకి ఊదే వస్తువు వచ్చిందంటే అది పిల్ల మొండిపట్టే. బడిలో పాటల టీచరు, పిల్లనగ్రోవిలా స్వరాలు పలికే ఈలలతో ఒక బృందం కట్టింది. సంగీతం సామాన్ల కొట్లో ఈలలు అద్దాల వెనక మెరుస్తున్నాయి. ధర చూసి తల్లీకూతుళ్లు ఆ అద్దం మీద చెయ్యి కూడా వేయకుండా వచ్చేశారు. చివరికి సందు మలుపులో కుర్చీలు చేసే వడ్రంగి దగ్గర దొరికింది. కుర్చీకాళ్లు చెక్కగా మిగిలిన ముక్కల్ని ఆయన లోపల తొలిచి, పైన ఆరు బెజ్జాలు వేసి, నిలువుగా పట్టుకుని ఊదే ఈలలు చేసేవాడు. రెండు దారపు రీళ్ల ధరకే ఒకటి వచ్చేది.

తల్లి ఒక్కో ఈల అంచూ వేలితో తడిమింది, పేడు గుచ్చుకుంటుందేమోనని. రంగు నోట్లోకి పోతే విషమా అని అడిగింది. రంగే వేయలేదన్నాడు వడ్రంగి. వేయకపోతే పురుగు పట్టదా అని అడిగింది. ఆయన ఇంకో కుర్చీకాలు అందుకున్నాడు.

ఆనాటి నుంచి పిల్ల లోపలి గదిలో తలుపేసుకుని సాధన చేసేది. తల్లి కుట్టుమిషను ఆ తలుపు దగ్గరికి లాక్కుని, చెవి అటే వేసి కూర్చునేది. పాట కోసం కాదు, ఊపిరి కోసం. ఈల ఆగిందంటే పిల్ల ఊపిరి తీసుకుంటోందా, అందక ఆగిందా? మళ్లీ మోగేదాకా సూది గుడ్డలో దిగబడే ఉండేది. ఇలా కాపలా కాస్తే చొక్కాలకు ఒక చెయ్యే కుట్టి ఇస్తావని నాన్న దెప్పేవాడు.

రేపు బడిలో కార్యక్రమం అనగా, పక్కింటి పిల్ల ఆ ఈలను ఒకసారి ఊది చూసింది. ఆ పిల్లకు జలుబు. మర్నాడు కూతురు ఊపిరాడక వేదిక మీద కూలబడిపోయినట్టు తల్లి కళ్లకు కట్టింది. పిల్ల బడికెళ్లగానే అటక మీది గిన్నె దించింది. ఒకప్పుడు పాలసీసాలు మరిగించిన గిన్నె అది. అందులో నీళ్లు పోసి, ఈల వేసి, కళపెళా మరిగించింది.

తీసి చూస్తే ఈల ఉబ్బి ఉంది. ఊదితే మూగనోము పట్టినట్టు చప్పుడే లేదు.

పొయ్యి ఆర్పిందో లేదో కూడా చూసుకోకుండా వడ్రంగి దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఈలను అటూ ఇటూ తిప్పాడు.

"ఉడకబెట్టారా అమ్మా?"

"క్రిములు పోతాయని..."

"ఉప్పు వేయలేదుగదా?"

తల్లికి ఏడుపు ముంచుకొచ్చేసరికి ఆయన నవ్వు ఆపుకున్నాడు. మూతి దగ్గర బిగించిన చెక్కబిరడా నీళ్లు తాగి ఉబ్బి, గాలి దారి మూసేసిందన్నాడు. కొత్తది ఇద్దామంటే ఉన్నవన్నీ బడిపిల్లలు కొనుక్కుపోయారు. దీన్ని ఎండలో పెట్టినా, పొయ్యి దగ్గర పెట్టినా చీలుతుంది. ఒంటి వేడికి మెల్లగా ఆరాలి, మోగితే ఆరినట్టు.

తల్లి ఈలను జ్వరం చూసే గొట్టంలా చంకలో పెట్టుకుంది. అలాగే ఇంటికి నడిచింది, అలాగే కూర్చుని ఒంటిచేత్తో గుండీలు కుట్టింది. మధ్యమధ్య తీసి ఊదింది. ముందు ఉత్త గాలి వచ్చింది. మధ్యాహ్నం దాటాక కీచుమంది. సాయంత్రానికి ఒక్క స్వరం, కాస్త బొంగురుగా, నిలబడింది. ఆ ఆనందంలో ఆవిడ ఆపలేకపోయింది. వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియదు కాబట్టి ఆ ఒక్క స్వరం మీదే పాటంతా ఊదింది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో సంచీతో కూతురు.

"అమ్మా, అది నా పాట."

తల్లి గబగబా చేసిందంతా చెప్పేసింది. గిన్నె, నీళ్లు, చంక, అన్నీ. పిల్ల ఈల అందుకుని ముఖం చిట్లించింది. వెచ్చగా ఉందంది. ఊదింది. మోగింది. పాటలో ఒకే ఊపిరితో ఊదాల్సిన పొడుగు వరుస దగ్గర మాత్రం ఎప్పటిలాగే తెగిపోయింది. రేపు అక్కడ తెగితే అందరి వెనకా నిలబెడతానని టీచరు ముందే చెప్పింది.

"అక్కడ కాదే పిచ్చుకా, దాని ముందే ఊపిరి తీసుకో" అంది తల్లి. "రోజూ అక్కడికొచ్చేసరికే నీకు చాలట్లేదు."

"నీకెట్లా తెలుసు?"

"నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?"

మర్నాడు వేదిక మీద ఈలలన్నీ లేచాయి. వాటి మధ్య ఒకటి కాస్త బొంగురు. పొడుగు వరుస రాబోతుండగా పిల్ల కళ్లెత్తి జనంలో అమ్మను వెతికింది. అమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. పిల్లా పీల్చుకుంది. వరుస తెగలేదు. అది అయ్యేదాకా తల్లి ఊపిరి వదల్లేదు. పక్కనున్న నాన్న భయపడి ఆవిడ వీపు తట్టాడు.

వారం తిరగకుండానే తల్లి మళ్లీ వడ్రంగి గుమ్మం ముందు నిలబడి ఈలల అంచులు తడుముతోంది. పిల్లకేనా అని అడిగాడాయన.

"కాదు, నాకే. పురుగు మాత్రం పట్టదుగదా?"